మార్చడానికి పదకొండు మాటలు

మన భాషలో మార్చడానికి ఒకటే మాట. బట్టలు మార్చుకుంటాం, ఇల్లు మారతాం, మాట మారుస్తాం, ఫలానావాడు మారిపోయాడంటాం. ఇంగ్లీషువాళ్ళు అలా సరిపెట్టుకోలేదు, ఒక్కో రకం మార్పుకీ ఒక్కో మాట పెట్టుకున్నారు. నా దగ్గర అలాంటివి పదకొండు ఉండేవి. చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకంలో మొదటి పేజీలోనే వరసగా రాసుకున్నాను: ఆల్టర్, మోడిఫై, కన్వర్ట్, అడ్జస్ట్, రివైజ్, అమెండ్, అడాప్ట్, రీప్లేస్, సబ్‌స్టిట్యూట్, ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌ఫార్మ్. ఛేంజ్‌ని కావాలనే చేర్చలేదు. అది దారినపోయే ప్రతివాడికీ వచ్చు.

అందుకే కార్ఖానాలో నన్ను డిక్షనరీ అని పిలిచేవాళ్ళు. వెక్కిరింపేనని తెలుసు, అయినా నాకది బిరుదులా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కాదు, నా మీదే.

మాది పాత కాగితాన్ని కొత్త కాగితంగా చేసే కార్ఖానా. ఒక చివర లారీల్లోంచి చిత్తుకాగితం మోపులు మోపులుగా దిగేది. అట్టపెట్టెలు, పరీక్ష పేపర్లు, ఎవరెవరో ఎవరెవరికో రాసుకున్న ఉత్తరాలు. అవన్నీ బెల్టు మీద కదిలిపోతుంటే, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు ప్లాస్టిక్కూ ఇనపతీగలూ ఏరి పారేసేవాళ్ళు. బెల్టు చివర పళ్ళ చక్రాలు, వాటి కింద నీళ్ళ తొట్టి. అందులో పడ్డాక ఉత్తరమూ ఒకటే, అట్టపెట్టే ఒకటే. నేను మాత్రం ఆ మోతకి దూరంగా, మెయింటెనెన్సు గదిలో రిజిస్టరు రాసేవాణ్ణి. రేకు గోడలు, ఒక టేబులు, ఊగుతూ తిరిగే ఫ్యాను, కిటికీ అద్దం మీద వేలితో పేరు రాసుకోవచ్చనిపించేంత కాగితపు దుమ్ము.

ఏ యంత్రంలో ఏ మార్పు చేసినా ఆ రిజిస్టర్లో ఇంగ్లీషులో ఎక్కాలి. ఒక్కో మార్పుకీ అయిదు గళ్ళు: తేదీ, యంత్రం, మార్పు, చేసినవారు, సంతకం. చెయ్యమన్నవారు అనే గడి లేదు. మేనేజరు నోటితో చెప్పేవాడు, ఫిట్టరు చేసేవాడు, నేను రాసేవాణ్ణి, ఫిట్టరు సంతకం పెట్టేవాడు. చేరిన కొత్తలో ఒకసారి తెలివి చూపించి, 'మేనేజరుగారు చెప్పిన ప్రకారం' అని చివర్లో కలిపాను. ఆయన పిలిచి నవ్వుతూనే అన్నాడు.

"ఎవరి చేతులు చేశాయో వాళ్ళ పేరు రాయి, చాలు. నేనేమన్నా స్పానర్ పట్టుకున్నానా?"

నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ అలా రాయలేదు.

ఆ ఫిట్టరు ఎవరో కాదు, మా బావ. అమ్మా నాన్నా వెనకా ముందూగా పోయినప్పుడు నాకు పదేళ్ళు. కొత్తగా పెళ్ళయిన అక్క ఇంటికి ఒక రేకు పెట్టెతో వచ్చి పడ్డాను. ఇంకొకడైతే మొహం మాడ్చుకునేవాడు. బావ మాత్రం, "పెళ్ళాన్ని తెచ్చుకుంటే బామ్మర్దిని ఊరికే ఇచ్చారు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. తను ఏడో తరగతితో ఆపేసి నన్ను చదివించాడు. ఈ ఉద్యోగం కూడా తనే అడిగి ఇప్పించాడు. చప్పుడు విని యంత్రానికి జబ్బేమిటో చెప్పగలడు గానీ ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే రెండు చేతులూ ఎత్తేసేవాడు. రోజూ సాయంత్రం రిజిస్టరు ముందు పెడితే, "ఎక్కడ్రా?" అనేవాడు. నేను వేలు పెట్టి చూపించేవాణ్ణి. అక్కడ గీకేవాడు.

"చదివి చెప్పమంటావా బావా?"

"నువ్వు రాశావుగా. ఇంక చదివేదేముంది?"

ఇలా ఆరేళ్ళు గడిచాయి.

బెల్టు పక్కనే, నడుం ఎత్తులో, ఈ చివర్నుంచి ఆ చివరదాకా పసుప్పచ్చ తాడు ఒకటి ఉండేది. ఎవరికేమైనా అయితే దాన్ని లాగాలి. బెల్టు టక్కున ఆగిపోతుంది. అయితే దాని స్విచ్చి పాతబడి, మోపుల పురికొస తగిలినా చాలు, ఊరికే ఆగిపోవడం మొదలుపెట్టింది. రోజుకి ఇరవైసార్లు ఆగేది. ఒక శుక్రవారం పొద్దున మేనేజరు మా గదిలోకి వచ్చాడు. గదిలో ఆయనా, బావా, నేనూ తప్ప ఇంకెవరూ లేరు.

"ఆ తాడు సంగతేదో చూడవయ్యా. సరుకంతా వెనకబడిపోయింది."

"కొత్త స్విచ్చి కావాలి సార్. దాని స్ప్రింగు పోయింది."

"వస్తుంది, వారంలో తెప్పిస్తా. అందాకా కలిపెయ్."

కలిపెయ్యడమంటే స్విచ్చిలోని తీగలు రెండూ ఒకటిగా ముడి పెట్టేయడం. అప్పుడిక తాడు ఎంత లాగినా బెల్టు ఆగదు. తాడు మాత్రం ఎప్పట్లాగే కనిపిస్తూ ఉంటుంది.

బావ కదల్లేదు. "ఆడవాళ్ళు నిలబడి చేసే చోటు సార్ అది."

"నీవల్ల కాదంటే చెప్పు. అయ్యేవాణ్ణి తెచ్చుకుంటా."

బావ నా వైపు చూశాడు. చదువుకున్నవాణ్ణి కదా, ఏమన్నా అంటానేమోనని. నేను స్కేలు పెట్టి రిజిస్టర్లో గీతలు కొట్టుకుంటున్నాను. ఆ గీతలు అప్పుడే కొట్టాల్సినవేం కాదు.

బావ వెళ్ళి కలిపేసి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ నాతో అన్నాడు. "ఒరేయ్, ఒక బోర్డు రాసి తగిలించు. తాడు పని చెయ్యదు, జాగ్రత్త అని. పెద్ద పెద్ద అక్షరాలతో, మన భాషలో రాయి."

అట్ట మీద అలాగే రాశాను. కానీ ఏ బోర్డయినా మేనేజరు చూశాకే గోడెక్కాలి. ఆయన చదివి అట్ట నా చేతికే ఇచ్చేశాడు.

"ఇది చూస్తే వాళ్ళు పని మానేసి కూచుంటారు. కాస్త మర్యాదగా రాయవయ్యా. అన్ని మాటలు వచ్చు నీకు, దాచుకుని ఏం చేస్తావు?"

ఆ పొగడ్తకి పడిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే పడిపోయాను. ఇంకో అట్ట తీసుకుని, నీలం సిరాతో, 'స్టాప్ సిస్టమ్ అండర్ మోడిఫికేషన్' అని ఇంగ్లీషులో రాశాను. అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. రిజిస్టర్లో కూడా అదే మాట: 'స్టాప్ కార్డ్ మోడిఫైడ్'. కార్డ్ అంటే తాడు. మోడిఫై అన్న మాట ఊరికే ఎంచుకోలేదు. ఆల్టర్ అంటే ఎవడో చెయ్యి పెట్టాడనిపిస్తుంది. రీప్లేస్ అంటే, మరి కొత్తదేదీ అని అడుగుతారు. మోడిఫై అంటే ఏదో బాగుపడిందిలే అనుకుని పేజీ తిప్పేస్తారు. చేసినవారు అనే గడిలో ఫిట్టరు అని రాసి బావ ముందు పెట్టాను. ఎక్కడ్రా అన్నాడు. వేలు పెట్టాను.

బోర్డు తగిలిస్తుంటే, అందరూ గడియారం పిన్ని అని పిలిచే ఆవిడ నా దగ్గరికొచ్చింది. ఆవిడ నిజానికి ఎవరికీ పిన్ని కాదు, అందుకని అందరికీ పిన్నే. బెల్టు చివర, చక్రాలకి దగ్గరగా నిలబడేది. అక్కడ చెయ్యి చురుగ్గా ఉన్నవాళ్ళే పనికొస్తారు. వాచీ లేకుండా టైము చెప్పేది. భోజనం గంట కాస్త ఆలస్యమైతే, "గంట కొట్టేవాడు కునుకు తీస్తున్నాడర్రా, లేపండి" అని కేకేసేది. వెళ్ళి చూస్తే నిజంగానే కునుకు తీస్తుండేవాడు.

"ఏంటబ్బాయ్ అది? ఏం రాశావు?"

"తాడు గురించి పిన్నీ. ఏదో మార్చారు."

"బాగు చేశారా? పనికి ఒకటే అడ్డం, మాటిమాటికీ ఆగి చస్తోంది."

"ఇంక ఆగదులే పిన్నీ."

"చల్లగా ఉండు నాయనా" అంది.

నేను అబద్ధం చెప్పలేదు. అది ఆగదు, ఆ మాటే చెప్పాను. అన్ని మాటలు వచ్చినవాడికి అబద్ధంతో పనేముంటుంది?

వారం గడిచింది. స్విచ్చి రాలేదు. సోమవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పిన్ని తలకి చుట్టుకున్న గుడ్డ కొస జారి బెల్టు కింది రోలరులో చిక్కుకుంది. తాడు లాగింది. మళ్ళీ లాగింది. మూడోసారి లాగి, ఇదేంటి అన్నట్టు తాడు వైపు చూసిందట. పక్కనున్నావిడ ఏడుస్తూ ఆ సంగతే పదిసార్లు చెప్పింది. కేకలు విని బావ షెడ్డు ఆ మూలనుంచి మెయిన్ స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు. బెల్టు ఆగింది. అప్పటికే అయిపోయింది.

నేను వెళ్ళేసరికి ఆవిడ మీద గోతం పట్టాలు కప్పారు. చెయ్యి ఒకటే బయటికి ఉంది, తాడుని ఇంకా పట్టుకునే ఉంది. బావ ఆ పక్కనే నేల మీద కూచుని ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. గోడ మీద నా బోర్డు ముత్యాల్లాంటి అక్షరాలతో అలాగే ఉంది.

ఆ సాయంత్రం మేనేజరు రిజిస్టరు తెప్పించుకుని పది నిమిషాలు ఉంచుకుని తిరిగి పంపాడు. ఎందుకో నేను ఆలోచించలేదు.

ఇంట్లో బావ కంచం ముందు కూచున్నాడు గానీ ముట్టుకోలేదు. పోలీసులు అప్పటికే ఒకసారి వచ్చి వెళ్ళారు. పని తేలిగ్గా పోతుందని ఫిట్టరే సొంతంగా తాడు కలిపేశాడని మేనేజరు వాళ్ళకి చెప్పాడు. అది నిలబడితే బావ జైలుకి పోతాడు.

"నేనే కలిపాను" అన్నాడు బావ. "ఈ చేతులతోనే."

"ఆయన చెప్తేనే కదా కలిపావు!" అంది అక్క. "వీడు అక్కడే ఉన్నాడు, విన్నాడు. రేపు చెప్తాడు. ఏరా, చెప్తావుగా?"

"నేను చూసుకుంటాలే అక్కా."

"చూసుకోవడం కాదు. నోరు తెరిచి చెప్పాలి."

చెప్తానన్నాను. చెప్పాలనే అనుకున్నాను కూడా. మర్నాడు విచారణకి ఫ్యాక్టరీల శాఖనుంచి ఒక అధికారిణి వచ్చింది. నడివయసు మనిషి, కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతోంది, గట్టిగా మాట్లాడదు. మా గదిలో నా కుర్చీలోనే కూచుని, నన్ను ఎదురుగా స్టూలు మీద కూచోమంది. గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఆ తాడు కలపమని ఎవరైనా చెప్పారా? మీకు తెలుసా?"

నోరు తెరిచాను. మేనేజరు నన్ను చూడ్డం లేదు, గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన పేరు చెబితే, మరి బోర్డు ఎవరు రాశారంటారు. పిన్నితో ఏం చెప్పావంటారు.

"అన్నీ రిజిస్టర్లో ఉంటాయి మేడమ్" అన్నాను.

"సరే. అది రేపు నాకు పంపండి" అని లేచింది.

భోజనాల వేళ గదిలో ఎవరూ లేరు. రిజిస్టరు తెరిచాను. 'స్టాప్ కార్డ్ మోడిఫైడ్' పక్కన రెండంగుళాల ఖాళీ ఉంది. అదే పెన్ను తీసుకుని, అదే వాలుతో, 'యాజ్ ఇన్‌స్ట్రక్టెడ్ బై ది మేనేజర్' అని రాశాను. రాసింది నిజమే కదా! ఎవరి మొహమూ చూడక్కర్లేదు, నోరు తెరవక్కర్లేదు, కాగితమే చెబుతుంది. ఆరేళ్ళుగా కాగితం మీద ఏం మార్చినా అలాగే చెల్లిపోయింది. ఇదొక్కటి చెల్లదా అనుకున్నాను. ఊది ఆరబెట్టాను. తేడా నాకే కనిపించలేదు. ఇంత తెలివైనవాణ్ణి మా అమ్మ ఎలా కన్నదో అనిపించింది.

ఇంటికెళ్ళి, "అంతా అయిపోయిందక్కా, బావకేం కాదు" అన్నాను. అక్క ఏమీ అడక్కుండా నా తల నిమిరింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలా నిమిరేది. ప్రమాదం జరిగాక బావ ఆరోజే కాస్త తిన్నాడు. "చెప్పావా?" అన్నాడు. "చెప్పినట్టే" అన్నాను. ఇంకేం అడగలేదు, నేను చెప్పాను కదా అని.

మూడో రోజు అధికారిణి తన ఆఫీసుకి పిలిపించింది. చిన్న గది, పొడుగాటి బల్ల. బల్ల మీద మా రిజిస్టరు తెరిచి ఉంది. దాని పక్కన అదే పేజీ ఫొటో.

"ఇది మీ మేనేజరుగారు ప్రమాదం జరిగిన సాయంత్రమే నాకు పంపించారు" అంది. "ఇది మీరు నిన్న పంపింది. రెండూ చదవండి."

చదవడానికేముంది? ఫొటోలో ఆ రెండంగుళాలూ ఖాళీగా ఉన్నాయి. మేనేజరు ఒక పక్కగా కూచుని ఉన్నాడు. నన్ను చూసి జాలిగా తల ఆడించాడు.

"వీళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు మేడమ్. ఇంక నన్నేం చెప్పమంటారు?"

అప్పుడు విప్పాను నోరు. ఆ శుక్రవారం మేనేజరు అన్నదీ, బావ వద్దన్నదీ, నేను గీతలు కొట్టుకుంటూ కూచున్నదీ, మొదటి అట్టా, రెండో అట్టా, పిన్ని అడిగినదీ, నేను ఆగదులే అన్నదీ, మొత్తం చెప్పాను. ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆవిడ చివరిదాకా వింది. కళ్ళజోడు తీసేసింది.

"మొన్న నేను అడిగినప్పుడు ఈ మాటలే చెప్పి ఉంటే రాసుకునేదాన్ని. నమ్మేదాన్ని కూడా" అంది. "ఇప్పుడు మీ బావకోసం రిజిస్టరు దిద్దిన మనిషి మీరు. ఇంక మీరేం చెప్పినా పై వాళ్ళు ఒప్పుకోరు. నేను రాసినా కొట్టేస్తారు."

"అది నిజమే మేడమ్! నేను కలిపి రాసిన ముక్క నిజమే!"

"కావచ్చు" అంది. రిజిస్టరు మూసేసింది.

బావని ఆ మర్నాడే పట్టుకెళ్ళారు. నా ఉద్యోగం పోయింది. రిజిస్టరు దిద్దినందుకు నా మీద వేరే కేసు పెడతారట, దాని కాగితాలు ఇంకా తయారవుతున్నాయి. మేనేజరుకేం కాలేదు. కొత్త స్విచ్చి వచ్చింది, తాడు బాగా పని చేస్తోందట.

పోలీసు స్టేషన్లో బల్ల మీద అక్కా నేనూ పక్కపక్కన కూచున్నాం. అక్క నా వైపు చూడలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు అంది.

"నిన్ను చెప్పమన్నాను. మార్చమన్నానా?"

అక్క ఎప్పుడూ నన్ను గట్టిగా తిట్టలేదు. అప్పుడూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

లోపలి గదిలోకి పిలిచారు. బావ కుర్చీలో కూచుని ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. ముందు ఒక కాగితం. టైపు చేసింది, ఇంగ్లీషులో. సంతకం పెడితే కోర్టుకి పంపిస్తామన్నాడు రైటరు. బావ పెన్ను తీసుకున్నాడు. ఎప్పట్లా 'ఎక్కడ్రా' అనలేదు. కాగితం నా వైపు తిప్పాడు.

"చదువు" అన్నాడు.

ఆరేళ్ళలో నన్ను చదవమనడం అదే మొదటిసారి. కాగితం చేతిలోకి తీసుకున్నాను. అందులో మోడిఫై లేదు, ఆల్టర్ లేదు, నా పదకొండు మాటల్లో ఒక్కటీ లేదు. అన్నీ చిన్న చిన్న మాటలు. ఎవరికైనా అర్థమయ్యేవే.

"బెల్టు ఆపే తాడు పని చెయ్యకుండా నువ్వు చేశావు అని ఉంది బావా. దానివల్ల ఆవిడ చచ్చిపోయింది అని ఉంది."

"అది నిజమే కదరా" అన్నాడు బావ. తన వేళ్ళ వైపు చూసుకుంటున్నాడు. "ఆయన చెప్తే చేశానని ఉందా?"

"లేదు."

"ఆడవాళ్ళు నిలబడే చోటు, వద్దన్నానని?"

"లేదు బావా."

కోపం లేదు ఆ మొహంలో. కోపముంటే నేను బావ కాళ్ళ మీద పడేవాణ్ణి. పెన్ను మూత తీసి, మళ్ళీ ఆగి, నన్ను చూశాడు.

"ఇది నువ్వు రాసింది కాదుగా?"

"కాదు బావా."

అయితే సరే అన్నట్టు తలూపి సంతకం పెట్టాడు.